నాలుగుతో మొదలైన నంబరు

కోడూరు,
జూన్ 18.

పర్వేజ్ అన్నయ్యకి,

అందరం బాగున్నామని ముందు రాయాలి కాబట్టి రాసేశాను. ఇక అసలు సంగతి. ఫోన్ చేస్తే అయిపోయేదానికి ఉత్తరమేమిటని నవ్వకు. ఈ మాట మా ఇంట్లో నోటితో అనడానికి వీల్లేదు. మా అత్తయ్య చెవిన పడితే ఆ పూట పొయ్యి కూడా వెలిగించనివ్వదు. అందుకే రాసి, అవనిగడ్డ మీదుగా వచ్చే బస్సు కండక్టరు గారికి ఇచ్చి పంపుతున్నాను. దీనితోపాటు ఎండు రొయ్యల పొట్లం ఉంటుంది. సగం ఫౌజియా వదినకి, సగం నీకు. మొత్తం నువ్వే తినేస్తే నాకు తెలిసిపోతుంది.

చేపల వేట నిషేధం అయిపోయి మీ బావ మళ్ళీ గిలకలదిండి రేవుకి చేరాడు కదా. చేరిన మూడో రోజే నీ మీద ఫిర్యాదు. జట్టీ దగ్గర నువ్వు పెట్టిన వాతావరణం బోర్డు ఉందే, అది సరిగ్గా బోటు కదిలే వేళకి "సమాచారం దొరకలేదు, సమాచారం దొరకలేదు" అని గొంతు చించుకుంటోందట. బయల్దేరేవాడి వెనక నుంచి "లేదు" అన్న మాట వినిపించవచ్చా అన్నయ్యా? ఎక్కడికి అని కూడా అడగరు మా వాళ్ళు. ఉప్పు అయిపోతే నిండుకుంది అంటాం గానీ లేదనం. అలాంటిది నీ పెట్టె రేవంతా వినేలా అరుస్తోంది. మొన్న అప్పారావు బాబాయి విప్పిన తాడు మళ్ళీ కట్టేసి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని అప్పుడు బయల్దేరాడట. మీ బావ నడిపే బోటులో అందరికన్నా పెద్దవాడు ఆయన. ఆయన మాట ఎవరూ తీసెయ్యరు, నడిపేవాడు కూడా.

ఆ మాట ఆపించు అన్నయ్యా. దాని బదులు ఇంకేం పెడతావో నీ ఇష్టం.

నీ చెల్లెలు,
విజయకుమారి


మచిలీపట్నం,
జూన్ 25.

చెల్లెమ్మా విజయా,

రొయ్యలు అందాయి. సగం సగం అని రాశావు గానీ పొట్లం విప్పింది మీ వదిన. కాబట్టి నా వాటా సంగతి అడక్కు.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత ఆలోచనలో పడ్డాను. ఆ బోర్డు ఊరికే నోరు పారేసుకోదు. పది నిమిషాలకోసారి హైదరాబాదులో ఉన్న ఒక కంపెనీ సర్వరుని "మా రేవుకి హెచ్చరిక ఏమైనా ఉందా?" అని అడుగుతుంది. ఆ సర్వరు ఏ జవాబు చెప్పినా ముందొక నంబరు చెప్పి మొదలుపెడుతుంది. 200 అంటే "విన్నాను, ఇదిగో నువ్వడిగింది" అని. అప్పుడే నేను ఆకుపచ్చో ఎరుపో వెలిగిస్తాను. మిగతావి ఆటంకాల నంబర్లు. నువ్వు ఘంటసాలలో ఎవరింటికో వెళ్ళావనుకో. 404 అంటే "ఆ పేరు గలవాళ్ళు ఈ వీధిలో లేరమ్మా". 401 అంటే "అసలు మీరెవరు? ముందు గుర్తింపు చూపించండి". 403 అంటే "మీరెవరో తెలుసు, అయినా గడప దాటొద్దు". 500 అంటే ఇంటాయనే కళ్ళు తిరిగి పడిపోయాడు. 503 అంటే "ఇంట్లో పెళ్ళి పనులు, ఊపిరాడటం లేదు, కాసేపాగి రండి".

ఇవన్నీ మర్చిపోయినా ఒక్కటి గుర్తుంచుకో. నాలుగుతో మొదలైతే తప్పు అడిగినవాడిది, అంటే మనది. మనమే ఏదో సరిచేసుకోవాలి. ఐదుతో మొదలైతే ఇబ్బంది చెప్పేవాడిది. మనం చేసేదేమీ ఉండదు, ఆగడమే. ఆ 401 రాకుండా కంపెనీ నాకొక కీ ఇచ్చింది. పేరుకి తాళంచెవి, చూడటానికి ముప్ఫై అక్షరాల వరస. ఏడాదికోసారి కొత్తది తీసుకోవాలి.

200 కాని నంబరు ఏది వచ్చినా "సమాచారం దొరకలేదు" అని పలికించాను. గాలి రాదని దాని అర్థం కాదు, గాలి సంగతి మనకి తెలియదని. హెచ్చరిక లేకపోవడం వేరు, ఉందో లేదో తెలియకపోవడం వేరు. ఆ రెండూ కలగాపులగమైతే కొంప మునుగుతుంది. అందుకే గట్టిగా చెప్పించాను.

సరే, ఆడపడుచు అడిగింది, కాదనలేను. మాట తీసేస్తాను. దాని బదులు పసుపు లైటు వెలుగుతుంది. పసుపు అంటే తెలియదు, ఆగండి అని. పసుపు శుభమే కదా, మీ అత్తయ్యకి కూడా అభ్యంతరం ఉండదు. బావకి నువ్వే చెప్పు.

పర్వేజ్


కోడూరు,
ఆగస్టు 16.

అన్నయ్యా,

నీ ఫోన్ మోగి మోగి ఆగిపోతోంది. పక్కింటి రాజీవ్ బండి మీద బందరు వస్తున్నాడు, అతని చేతికి ఇస్తున్నాను. చదివి వెంటనే రెండు ముక్కలు రాసి అతనికే ఇవ్వు.

మొన్న పద్నాలుగున తెల్లారగట్ల బోటు కదిలింది. మధ్యాహ్నానికి ఇక్కడ రేకులు లేచిపోయాయి, కొబ్బరి మట్టలు వీధిలో దొర్లాయి. ఇవాళ్టికి మూడో రోజు. నలుగురూ ఎక్కడున్నారో ఎవరూ చెప్పడం లేదు. అత్తయ్య ద్వారబంధం పట్టుకుని నిలబడింది, కూర్చోమంటే కూర్చోదు.

బయల్దేరే ముందు మీ బావ ఫోన్ చేసి "బోర్డు బాగానే ఉంది, వెళ్ళొస్తాం" అన్నాడు. గాలి హెచ్చరిక ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికే వచ్చిందని టీవీలో చెప్పారు. బోటు కదిలింది ఐదింటికి. మరి బోర్డు ఎలా బాగుంది అన్నయ్యా? ఏ రంగు వెలిగింది?

విజయ


మచిలీపట్నం,
ఆగస్టు 16.

విజయా,

రాజీవ్ ఎదురుగా నిలబడ్డాడు, జట్టీ మీద నిలబడే రాస్తున్నాను. రెండు బోట్లు వెతకడానికి వెళ్ళాయి. పొద్దున్న మరొకటి వెళ్ళింది. మన బావకి ఈ నీళ్ళు కొత్త కాదు. ఫౌజియా ఇంట్లో దువా చేస్తోంది. అత్తయ్యని కూర్చోబెట్టు, కాస్త మజ్జిగైనా తాగించు.

బోర్డు సంగతి ఇప్పుడు కాదమ్మా. ముందు మనుషులు రానీ.

పర్వేజ్


కోడూరు,
సెప్టెంబరు 6.

పర్వేజ్ అన్నయ్యకి,

మనుషులు వచ్చారు. ముగ్గురు. నాలుగో మనిషి రాలేదు. ఇక ఇప్పుడు అడగవచ్చనుకుంటాను.

నీకు తెలిసిందే అయినా మళ్ళీ రాస్తాను, ఎందుకంటే నువ్వు మా ఇంటికి రాలేదు, ఆయన నోటి వెంట వినలేదు. బోటు తిరగబడ్డాక నలుగురూ చేపల పెట్టెల మూతలు పట్టుకుని తేలారు. గాలి తగ్గేలోపే అప్పారావు బాబాయి చెయ్యి జారింది. ఆయన చొక్కా కాలరు మీ బావ చేతిలో ఉంది. కాలరే మిగిలింది. భుజం అప్పుడే పోయింది మీ బావకి, కుడి చెయ్యి ఇప్పటికీ లేవడం లేదు.

మొన్న బోట్ల సంఘం వాళ్ళు పిలిచారు. ఆకుపచ్చ వెలిగింది కాబట్టే బయల్దేరానని ఆయన చెప్పాడు. వాళ్ళు నవ్వలేదు గానీ నమ్మనూ లేదు. ఆ పూట ఐసు ఫ్యాక్టరీ ఆగిపోయి, ముందురోజే ఐసు ఎక్కించుకున్న మీ బావ బోటు తప్ప మిగతావేవీ కదల్లేదు, జట్టీ మీద ఇంకెవరూ లేరు. కళాసీలిద్దరూ లోపల వలలు సర్దుతున్నారట, బోర్డు వంక చూడలేదు. చూసింది ఇద్దరే. ఒకరు మీ బావ, ఒకరు బాబాయి. బాబాయిని ఎక్కడ నుంచి పిలవను?

పసుపు వెలిగిందని నువ్వు చెప్పావట. పసుపు చూసి కూడా తాడు విప్పి పెద్దాయన ప్రాణం తీశాడని సంఘం రాసుకుంది. బోటు నడిపే కార్డు తీసేసుకున్నారు. బాబాయి భార్య రాధాకుమారి పిన్ని మా గుమ్మం ముందు నుంచి వెళ్తూ మొహం తిప్పుకుంది. నాకు కార్డు గురించి బెంగ లేదు. ఆమె తిప్పుకున్న మొహం గురించే.

నిజంగా పసుపు వెలిగిందా?

విజయకుమారి


మచిలీపట్నం,
సెప్టెంబరు 13.

విజయకుమారి గారికి,

మీ ఉత్తరం అందింది. వంశీ నాకు ఒకటో తరగతి నుంచి స్నేహితుడు. నా బాధ మీకు చెప్పనక్కర్లేదు. కానీ జరిగింది జరిగినట్టు చెప్పక తప్పదు.

ఆ పూట కంపెనీ సర్వరు 503 అంది. అంటే రద్దీ, తర్వాత రమ్మని. అప్పుడు బోర్డు పసుపు వెలిగించాలి, వెలిగించింది. తెల్లవారుజామున మసక చీకట్లో, తడి అద్దం మీద రంగు సరిగ్గా ఆనకపోవచ్చు. వంశీ అబద్ధమాడాడని నేను అనను. పొరబడ్డాడంటాను. మధ్యాహ్నం గాలి లేచాక నేనే పరుగెత్తుకుని వెళ్ళి చూశాను. నేను కొత్త కీ పెట్టిన తర్వాతే 200 వచ్చింది, ఎరుపు వెలిగింది. అప్పటికే ఆలస్యమైపోయింది. ఇందులో బోర్డు తప్పు లేదు.

వంశీ భుజానికి గుడివాడలో మంచి డాక్టరున్నాడని విన్నాను. తీసుకెళ్ళండి.

పర్వేజ్


గుడివాడ,
సెప్టెంబరు 24.

పర్వేజ్ అన్నయ్యకి,

నువ్వు గారు అని రాసినా నేను అన్నయ్య అనే రాస్తాను. నువ్వు చెప్పిన డాక్టరు దగ్గరికే వచ్చాం, మా అక్క భార్గవి ఇంట్లో ఉంటున్నాం. చెయ్యి భుజం దాకా లేస్తోంది. మనిషి లేవడం లేదు.

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. వినిపించకుండా ఉండాల్సింది. ముందు కోప్పడతాడనుకున్నాను. మర్నాడు అక్కావాళ్ళ పిల్లల క్రేయాన్ల పెట్టె తీసుకుని కూర్చున్నాడు. ఆకుపచ్చ తీసి, పసుపు తీసి, కిటికీ దగ్గర పెట్టి చూస్తున్నాడు. దూరం నుంచి చూస్తున్నాడు, కళ్ళు చికిలించి చూస్తున్నాడు. "విజయా, నాకు రంగులు కనపడటం లేదేమో. పర్వేజ్ ఎందుకు అబద్ధం చెప్తాడు? నేనే చంపానేమో బాబాయిని" అన్నాడు. పద్నాలుగేళ్ళుగా నీటి రంగు చూసి లోతు చెప్పే మనిషి అన్నయ్యా.

ఆ క్రేయాన్లు పెట్టెలో సర్దేసి నీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టాను. నువ్వు జూన్‌లో రాసింది పారేయలేదు నేను. ఐదుతో మొదలైతే మనం చేసేదేమీ ఉండదు, ఆగడమే అని రాశావు. 503 అంటే పెళ్ళి పనుల్లో ఉన్న ఇల్లు, కాసేపాగి రమ్మంటారని రాశావు. పెళ్ళి పనుల్లో ఉన్నవాళ్ళ ఇంటికి కొత్త తాళంచెవి పట్టుకెళ్ళడమెందుకు? వాళ్ళకి తీరికైతే వాళ్ళే పలుకుతారు కదా. నువ్వు కొత్త కీ పెట్టిన తర్వాతే 200 వచ్చిందని నీ చేత్తోనే రాశావు. అంటే వాళ్ళకి రద్దీ లేదు. నిన్ను "ఎవరు నువ్వు?" అని అడిగారు.

నేను పదో తరగతితో ఆపేసినదాన్ని. తప్పుగా అర్థం చేసుకుని ఉంటే తిట్టు. లేకపోతే ఆ నంబరు ఎంతో రాయి. ఫోన్ చేయకు, ఎత్తను. ఫోన్లో అన్న మాట గాలికి పోతుంది.

విజయ


మచిలీపట్నం,
అక్టోబరు 1.

చెల్లెమ్మా,

ఆ నంబరు 401.

ఇది రాయడానికి వారం పట్టింది. నాలుగు కాగితాలు చింపేశాను. వాటిలో సంజాయిషీలు ఎక్కువగా ఉన్నాయి.

కీ గడువు ఆగస్టు మూడుతో అయిపోయింది. అయిపోతుందని కంపెనీ రెండు మెయిళ్ళు పంపింది. పెడన కలంకారీ వాళ్ళ వెబ్‌సైటు పనిలో మునిగి నేను తెరవలేదు. నాలుగో తారీఖు నుంచి మా బోర్డు అడిగిన ప్రతిసారీ సర్వరు 401 అంది. పది నిమిషాలకోసారి, పదకొండు రోజులు. వచ్చిన ప్రతి జవాబూ బోర్డు రాసుకునే చిట్టా తీసి చూశాను, పదిహేను వందల పైచిలుకు వరసలు, అన్నీ ఒకే నంబరు. అది నోరు మూసుకోలేదు విజయా. నువ్వెవరు, నువ్వెవరు అని అడుగుతూనే ఉంది.

వంశీ కళ్ళు బాగున్నాయి. ఆకుపచ్చే వెలిగింది. నీకు మాటిచ్చినట్టు జూన్‌లో పసుపే పెట్టాను. జులైలో కంపెనీ సర్వరు నిజంగానే 503 అని రెండు రోజులు మొరాయించింది. పసుపు వెలిగితే రేవులో వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నా కంప్యూటరు దుకాణానికి వచ్చి, ఇదేం రంగు, వెళ్ళాలా మానాలా అని నా ప్రాణం తీశారు. విసుగొచ్చి బోర్డు ప్రోగ్రాములో ఒక్క లైను మార్చాను. ఏ నంబరు వచ్చినా, హెచ్చరిక కనపడకపోతే ఆకుపచ్చ వెలిగించమని. తర్వాత సరిచేద్దాంలే అనుకున్నాను. తెలియదు అన్నదాన్ని లేదు అన్నదానితో కలపొద్దని నీకు పాఠం చెప్పినవాణ్ణి నేనే. పద్నాలుగు మధ్యాహ్నం కొత్త కీ పెట్టి, ఆ లైను తీసేసి, పసుపు మళ్ళీ పెట్టి, ఎవరైనా అడిగితే చెప్పడానికి అబద్ధం సిద్ధం చేసుకున్నాను. నాలుగు అంటే నాది. ఐదు అంటే వాళ్ళది. అందుకే ఐదు ఎంచుకున్నాను.

భయపడ్డాను. రేవులో నా మొహం ఎలా చూపించాలా అని భయపడ్డాను. నా మొహం కాపాడుకోవడానికి బావ కళ్ళు తీసేశాను.

ఆరో తారీఖు ఆదివారం సంఘం సమావేశం. ఆ చిట్టా ప్రింటు తీశాను. అందరి ముందూ చదువుతాను. నీ జూన్ ఉత్తరం గురించి చెప్పను. నువ్వు అడిగింది మాట తీసెయ్యమని, ఆకుపచ్చ వెలిగించమని కాదు. నీ పేరు ఇందులోకి రాదు.

క్షమించమని అడిగే ముఖం నాకు లేదు.

పర్వేజ్


గుడివాడ,
అక్టోబరు 4.

అన్నయ్యా,

నీ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చాను. ఆయనే చదువుకున్నాడు. చదివి దొడ్లోకి వెళ్ళి పంపు కింద తల పెట్టుకుని చాలాసేపు ఉన్నాడు. వచ్చి "నేను చూసింది పచ్చే" అన్నాడు. అంతే. నిన్ను తిట్టినా బాగుండేదని నాకనిపించింది.

నా మీద నాకు కోపంగా ఉంది. నీ మీద ఇంకా ఎక్కువ కోపంగా ఉంది. రెండూ రాస్తున్నాను, దాచుకోను. ఆ పెట్టెకి గొంతు ఉండి ఉంటే ఆగస్టు నాలుగునే అరిచేది. పదకొండు రోజులు అరిస్తే రేవులో ఎవరో ఒకరు నీ చొక్కా పట్టుకుని లాక్కొచ్చేవాళ్ళు. దాని గొంతు నొక్కమన్నది నేను. శకునం అన్నాను. కాబట్టి ఆదివారం నేనూ వస్తున్నాను. నా జూన్ ఉత్తరం నీ దగ్గర ఉంటే తీసుకురా. అది నేనే చదువుతాను. నా పేరు నువ్వు కాపాడక్కర్లేదు.

విజయ


కోడూరు,
నవంబరు 22.

పర్వేజ్ అన్నయ్యకి,

ఆ ఆదివారం తర్వాత నువ్వు జట్టీ వైపు రావడం మానేశావని తెలిసింది. బోర్డు పని దుకాణంలోంచే చూస్తున్నావట. అందుకే నిన్న జరిగింది నీకు నేనే రాయాలి.

ఆ రోజు నువ్వు చిట్టా చదువుతుంటే రాధాకుమారి పిన్ని అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ వినిపిస్తోంది. "ఆ పదకొండు రోజులూ అది నీకు చెప్తూనే ఉందా బాబూ?" అంది. "చెప్తూనే ఉంది పిన్నీ" అన్నావు. నా ఉత్తరం చదివినప్పుడు నన్నేమీ అడగలేదు. బోర్డుకి గొంతు మళ్ళీ పెట్టమని మాత్రం సంఘానికి చెప్పి లేచి వెళ్ళిపోయింది. మీ బావకి కార్డు తిరిగిచ్చారు. ఆమె మాత్రం మాతో మాట్లాడలేదు, నిన్నటిదాకా.

నిన్న మీ బావ మళ్ళీ బోటెక్కాడు. మొదటిరోజు కదా, అత్తయ్యా నేనూ గిలకలదిండి వెళ్ళాం. అప్పుడే తెల్లారుతోంది, నీళ్ళు నూనెలా కదలకుండా ఉన్నాయి, గాలి అన్నదే లేదు. ఐసు ఎక్కించారు. ఇంజను వేశారు. పిన్ని కూడా వచ్చి వలల కుప్ప పక్కన దూరంగా నిలబడింది. ఎందుకొచ్చిందో మేం అడగలేదు.

ఆయన తాడు మీద చెయ్యి వేశాడో లేదో బోర్డు పసుపు వెలిగింది. ఆపైన గొంతు. "సమాచారం దొరకలేదు. తెలిసేదాకా ఆగండి." అత్తయ్య నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ళు దిగాయి. కళాసీ కుర్రాళ్ళు ఆకాశం వంక చూశారు, ఆయన వంక చూశారు. ఒకడు "ఇంత బాగుంటే ఇంకా ఏం ఆగుతాం వంశీ గారూ" అన్నాడు. ఆయన తాడు వదల్లేదు, విప్పనూ లేదు. ఐసు నీళ్ళు కారుతున్నాయి.

అప్పుడు పిన్ని వలల కుప్ప దగ్గర నుంచి నడిచి వచ్చింది. మూడు నెలల తర్వాత ఆమె నోటి నుంచి మాకు వచ్చిన మొదటి మాట అది.

"ఆగు బాబూ" అంది.

ఆగాడు. ఇంజను కట్టేశారు. జట్టీ అంచున పిన్ని కూర్చుంది, పక్కన అత్తయ్య కూర్చుంది. టీ తెప్పించాను. గంటన్నర తర్వాత ఆకుపచ్చ వెలిగింది. పిన్ని లేచి, చీర దులుపుకుని, "వెళ్ళి రా" అంది. అప్పుడు వెళ్ళాడు.

ఇవాళ సాయంత్రానికి తిరిగొచ్చాడు. అన్నం తింటూ ఒక సంగతి అడిగాడు. ఆ గంటన్నరసేపు వచ్చిన నంబరు ఎంతో నీ చిట్టాలో ఉంటుంది కదా. నాలుగుతో మొదలైందా, ఐదుతోనా? వెంటనే రాయి అన్నయ్యా. అడగమన్నది నేను కాదు, మీ బావ.

విజయ